మొఘల్‌పురా నుండి బందరు దాకా – అమ్మ చూడని సముద్రం



ప్రభుత్వ వైద్యునిగా పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళు గడిచినా, మొఘల్‌పురాలోని మా ఇంటికి సాయంత్రం వేళల్లో ఎవరో ఒకరు సలహా కోసం వస్తూనే ఉంటారు. శీతాకాలం సమీపించేసరికి వారిలో కొందరి ప్రశ్న ఒకే విధంగా ఉంటుంది. "డాక్టర్ సాబ్, మా అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. బీపీ, షుగర్ ఉన్నాయి. ఒకసారి సముద్రం చూపించి తీసుకరావాలని ఉంది. పోవచ్చునా?" అని అడుగుతారు.

వెళ్ళవచ్చు, తప్పక వెళ్ళండి అన్నదే నా సమాధానం. అయితే ఏ కాలంలో, ఎంత నిదానంగా, ఏయే జాగ్రత్తలతో వెళ్ళాలన్నది రెండు నిమిషాలలో చెప్పగలిగే విషయం కాదు. దానికి కొంత చరిత్ర, కొంత వైద్యం, కొంత నా సొంత పొరపాటు కూడా చెప్పవలసి ఉంటుంది. ఆ మూడింటినీ ఈ వ్యాసంలో మీ ముందు ఉంచుతున్నాను.

సముద్రం లేని నగరానికి ఒక రేవు

మన హైదరాబాదు సముద్రానికి చాలా దూరంగా ఉన్న నగరం. అయినా 1591లో చార్మినారు వెలసిన నాటికే ఈ నగరపు సంపద సముద్రంతో ముడిపడి ఉంది. గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు మచిలీపట్నం. పారసీక భాషలో 'బందర్' అంటే రేవు అని అర్థం. ఆ మాటే ఆ ఊరికి పేరుగా స్థిరపడి, కృష్ణా జిల్లా వాసులు నేటికీ 'బందరు' అనే పిలుస్తారు. 17వ శతాబ్దం తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ తమ వర్తక స్థావరాలను ఏర్పరచుకున్నారు. మన ప్రాంతపు అద్దకపు బట్టలు ఆ రేవు నుండే దూరదేశాలకు చేరాయి. మక్కా యాత్రికులు అక్కడే ఓడలెక్కారు.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఆ రేవులోనే దిగాడు. బందరు కొయ్య ఇళ్ళతో కూడిన సామాన్యమైన ఊరేగానీ, ఓడలు నిలవడానికి బంగాళాఖాతంలో అంతకంటె మంచి చోటు లేదని అతడు వ్రాశాడు. గోల్కొండ నుండి బందరుకు తిన్నని దారిన నూరు కోసుల దూరమని లెక్క చెప్పాడు. కొండలు, చెరువులు, వాగులు అడ్డుపడే ఆ బాటలో చక్రాల బండ్లు నడవవని కూడా తెలిపాడు. అనగా పల్లకీలలో, గుర్రాలపై, ఎద్దులపై, లేదా కాలినడకన రోజుల తరబడి సాగిన ప్రయాణమది. నేడు పూణే నుండి హైదరాబాదు మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి కూడా మచిలీపట్నంలోనే ముగుస్తుంది. మూడున్నర వందల కిలోమీటర్ల లోపు దూరాన్ని మనం ఒక పగటిలో దాటుతున్నాం.

సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా 1639లో, అప్పటికి పాతికేళ్ళ యువకుడు, గోల్కొండ నుండి బందరుకు వెళ్ళాడు. ఆ తరువాతి తరంలో తానీషా కూడా బందరు వైపు వెళ్తూ దారిలో కూచిపూడిలో ఆగి, అక్కడి భాగవతుల ప్రదర్శన చూసి ఆ గ్రామాన్ని వారికి ఇచ్చివేశాడని ఆ ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటారు. మన పాతనగరపు ప్రభువులకు సముద్రపు దారి బాగా పరిచయమైన దారి అని దీనివల్ల తెలుస్తున్నది.

తల్లి కట్టించిన విడిది

ఈ దారిన నగరం దాటగానే వచ్చే హయత్‌నగర్‌ను మనం బస్సు కిటికీలోంచి చూసి వదిలేస్తాం. ఆ ఊరికి ఆ పేరు అబ్దుల్లా తల్లి హయాత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, సుల్తాన్ మహమ్మద్ భార్య. భర్త 1626లో మరణించినప్పుడు కుమారుడు అబ్దుల్లాకు పన్నెండేళ్ళు. పాలనా భారంలో అధిక భాగం ఆమె మీదనే పడింది.

ఈ తల్లీకొడుకుల గురించి మన హుస్సేనీ ఆలం ప్రాంతంలో ఒక కథ నేటికీ వినిపిస్తుంది. బాలుడైన అబ్దుల్లాను వీపున మోస్తున్న ఏనుగు మదించి అడవిలోకి పారిపోయిందట. బిడ్డ క్షేమంగా తిరిగివస్తే ఏనుగు గొలుసంత బరువైన బంగారు గొలుసు సమర్పిస్తానని తల్లి మొక్కుకున్నదట. మొహర్రం నెలలో జరిగిన 'లంగర్' ఊరేగింపునకు మూలం ఆ మొక్కేనని చెబుతారు. ఇది జనశ్రుతి. చరిత్రకు బాగా తెలిసిన సంగతి మరొకటి ఉంది. 1656లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించినప్పుడు, అప్పటికి వయసు మళ్ళిన ఆ తల్లి స్వయంగా మొఘలు శిబిరానికి వెళ్ళి, నలభై దాటిన కొడుకు పక్షాన సంధి మాట్లాడింది. పిల్లలు ఎంత పెద్దవారైనా తల్లిదండ్రుల మనసు ఎలా ఉంటుందో దీనికి మించి చెప్పనక్కరలేదు.

నగరానికి వెలుపల, బందరు బాటలో టావెర్నియర్ ఒక విడిదిని ఎంతో మెచ్చుకొని వర్ణించాడు. అతడు 'తెనారా' అని పేర్కొన్న ఆ చోటు హయత్‌నగరేనని పండితులు గుర్తించారు. తోటలతో కూడిన నాలుగు పెద్ద భవనాలు అక్కడ ఉన్నాయట. వాటిలో మిక్కిలి అందమైనది రాణిగారికి ప్రత్యేకం. మిగిలినవి బాటసారులవి. పేద ప్రయాణికులకు చిన్న గదులుండేవి. ప్రతి సాయంత్రమూ వారికి రొట్టె, అన్నం, ఉడికించిన కూరలు పంచేవారు. ఇతరులు వండినది తినని వారికి పిండి, కొంచెం నెయ్యి ఇచ్చి తామే వండుకునే వీలు కల్పించేవారు.

వైద్యునిగా ఈ వర్ణన చదివినప్పుడల్లా నాకు ముచ్చట వేస్తుంది. నీడ, విశ్రాంతి, వేళకు అప్పుడే వండిన తిండి, ఎవరి అలవాటుకు తగిన ఆహారం వారికి. ప్రయాణికుని ఆరోగ్యానికి కావలసినవన్నీ ఈ నాలుగింటిలోనే ఉన్నాయి. అద్దాలు బిగించిన కారులో గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే మనం ముందుగా మరచిపోయేవి కూడా ఇవే.

సముద్రం మందుగా మారిన కాలం

వర్తకానికీ, యాత్రకూ కాక కేవలం ఆరోగ్యం కోసం, విహారం కోసం సముద్రానికి వెళ్ళడమన్నది అంత పాత ఆచారం కాదు. రిచర్డ్ రసెల్ అనే ఆంగ్ల వైద్యుడు 1750లో గ్రంథుల వ్యాధులకు సముద్రపు నీరు మేలు చేస్తుందని లాటిన్‌లో ఒక గ్రంథం వ్రాశాడు. ఉప్పునీటిలో మునగడమే గాక ఆ నీరు తాగమని కూడా రోగులకు చెప్పాడు. బ్రైటన్ అనే చిన్న పల్లె ప్రసిద్ధ విహారస్థలంగా ఎదగడానికి ఆయన వైద్యం ఒక కారణం.

ఆ నమ్మకాన్ని ఆంగ్లేయులు మన తీరానికీ తెచ్చుకున్నారు. లోతట్టు ప్రాంతాల వేడికీ, జ్వరాలకూ తాళలేని వారు ఉత్తర సర్కారులలో వాల్తేరు గుట్టలను ఆశ్రయించారు. భీమునిపట్నంలో అంతకుముందే డచ్చివారు స్థిరపడ్డారు. గాలి మార్పు కోసం తీరానికి వచ్చినవారందరూ ఆరోగ్యంతో తిరిగి వెళ్ళలేదు. భీమిలిలోని డచ్చివారి సమాధులను చూస్తే, వాటిపై చెక్కిన చిన్న వయసులు ఆ సంగతి చెబుతాయి.

కారణం మనకిప్పుడు తెలుసు. మలేరియాను మోసుకొచ్చేది చెడ్డ గాలి కాదు, దోమ. ఆ రహస్యానికి కీలకమైన ఆధారాన్ని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. అంతకు పదిహేనేళ్ళ ముందు, 1882లో రాబర్ట్ కాక్ క్షయ వ్యాధి క్రిమిని గుర్తించాడు. సముద్రపు నీరు క్షయను గానీ, గ్రంథుల వాపును గానీ నయం చేయదు. మన ప్రాంతంలో క్షయ రోగుల కోసం వెలసిన శానటోరియంలు కూడా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలోను, వికారాబాదు దగ్గరి అనంతగిరిలోను ఉన్నాయే గాని సముద్రపు ఒడ్డున లేవు.

మరి సముద్రం వల్ల ఉపయోగమే లేదా? ఉంది. ఉప్పునీటిలో మందు లేకపోయినా, నాలుగు రోజుల విశ్రాంతి, ఉదయపు నడక, కంటినిండా నిద్ర, మాట్లాడే తోడు ఉన్నాయి. ఒంటరితనంతో కుంగిన వృద్ధులకు వీటి విలువ ఎంతో నా అనుభవంలో చూశాను.

సముద్రపు రెండో ముఖం

ఇప్పుడు నా సంగతికి వస్తాను. నేను మొట్టమొదట సముద్రాన్ని చూసింది విహారానికి వెళ్ళి కాదు.

1977 నవంబరు 19న దివిసీమను తుపాను ముంచెత్తింది. పదివేలమందికి పైగా మరణించారు. నాకప్పుడు పాతికేళ్ళు. వైద్య పట్టా చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. సహాయక బృందంతో పాటు అవనిగడ్డ వైపు వెళ్ళాను. అక్కడ నేను చూసినవన్నీ వ్రాయబోను. కలరా రాకుండా బావులలో క్లోరిన్ కలిపాం, సూదిమందులు వేశాం, గాయాలు కడిగి కట్లు కట్టాం. ఒక ముసలమ్మ చేతికి కట్టు కడుతుంటే, తన కొడుకు కోసం చూస్తున్నాననీ, త్వరగా కానిమ్మనీ అన్నది. ఆ కొడుకు లేడని ఆమె తప్ప అక్కడివారందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నమే ఎవరో చెయ్యెత్తి చూపిస్తే దూరాన సముద్రం కనిపించింది. ఎండలో మెరుస్తూ, ఏమీ ఎరగనట్టు ప్రశాంతంగా ఉంది.

బందరు తీరానికి ఇది మొదటి దెబ్బ కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణం, చుట్టుపక్కల గ్రామాలు మునిగి సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 తరువాత మాత్రం మార్పు వచ్చింది. మచిలీపట్నంలో తుపానులను గుర్తించే రాడార్ నెలకొల్పారు. తీర గ్రామాలలో తుపాను ఆశ్రయాలు కట్టారు. 1990 మే నెలలో అదే తీరాన్ని మరో భీకర తుపాను తాకినప్పుడు, లక్షలాది మందిని ముందే తరలించడం వల్ల మరణాలు వెయ్యికి అటూఇటూగా ఆగాయి. ముందస్తు హెచ్చరిక, దానిని పాటించడం – ఈ రెండూ ఎందరి ప్రాణాలు నిలిపాయో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఆ సేవ నుండి తిరిగివచ్చిన తరువాత మా అమ్మ నన్ను ఒకటే అడిగింది. "సముద్రం ఎట్లుంటదిరా? మీరాలం చెరువు కన్న పెద్దగుంటదా?" నేను జవాబు చెప్పలేదు. పుట్టింది, మెట్టింది, బతికింది అంతా ఈ నగరంలోనే అయిన ఆమెకు సముద్రం చూడాలని కోరిక. ఏడాదికి ఒకసారైనా ఆ మాట ఎత్తేది. నేను మొదట సెలవు లేదన్నాను. తరువాత పిల్లల చదువులన్నాను. ఆమెకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక, అవి తగ్గనీ అన్నాను. మోకీళ్ళ అరుగుదల తనంతట తాను తగ్గేది కాదని వైద్యుడిగా నాకు తెలుసు. అసలు కారణం ఆ నీటిని మళ్ళీ చూడడానికి నాకు మనసు రాకపోవడం. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. 1994లో అమ్మ వెళ్ళిపోయింది. సముద్రం చూడకుండానే వెళ్ళిపోయింది.

కూతురితో అదే దారిన

కిందటి జనవరిలో మా అమ్మాయి ఒక ఆదివారం వచ్చి, "నాన్నా, ఈసారి మీరు కాదంటే ఊరుకోను. బందరు పోదాం, అక్కడినుంచి వైజాగు పోదాం" అన్నది. ఆమెకు నలభై దాటాయి. ఆమెకు నానమ్మ కోరిక తెలుసునని ఆ రోజే నాకు తెలిసింది.

తెల్లవారుజామున మొఘల్‌పురా నీళ్ళ ట్యాంకు దగ్గర కారెక్కాం. మొదట హయత్‌నగర్‌లో ఆగాం. బేగం పేరిట ఉన్న మసీదు, దాని చుట్టూ బాటసారుల గదుల వరుసలు, పక్కనే ఏనుగుల బావి చూశాం. అక్కడి నుండి గంటన్నరకు ఒకసారి ఆగుతూ చీకటి పడేలోగా బెజవాడ చేరాం. 1889లో నిజాం రైలు బెజవాడకు చేరేదాకా మన పెద్దలకు ఇది ఎంత దూరమో ఊహించుకుంటూ ఆ రాత్రి అక్కడే ఉన్నాం. మరునాడు కూచిపూడి చూసుకొని బందరు చేరి, సాయంత్రం మంగినపూడి తీరానికి వెళ్ళాం. అక్కడి ఒడ్డు ఇసుకకన్నా నల్లని ఒండ్రుతో మెత్తగా ఉంటుంది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకొని పాదాలు తడిసేంత వరకే నడిపించింది.

ఆ రాత్రి ఒక సంగతి జరిగింది. బసలో మేజోళ్ళు విప్పుతుంటే నా చీలమండల దగ్గర పట్టీ గుర్తు లోతుగా పడి ఉంది. పాదాలు వాచాయి. మధ్యాహ్నమే నాకు తెలిసినా, ఆమె ఉత్సాహం పాడవుతుందని చెప్పలేదు. ఆమె చూసింది. "ఇదే మీ రోగి దాచిపెడితే మీరు ఏమనేవారు?" అన్నది. నా దగ్గర సమాధానం లేదు. మరునాడు చూడవలసిన మూడు చోట్లలో రెండింటిని ఆమె కొట్టివేసింది. మధ్యాహ్నం వరకు కాళ్ళు ఎత్తుగా పెట్టుకొని పడుకున్నాను. సాయంత్రానికి వాపు తగ్గింది.

మిగిలిన ఒక్క చోటు హంసలదీవి. కృష్ణ సముద్రంలో కలిసే చోటది. దారిలో అవనిగడ్డ దాటుతుండగా, నలభై ఎనిమిదేళ్ళుగా ఇంట్లో ఎవరికీ చెప్పని 1977 నాటి సంగతులు నా అంతట నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కారు పక్కకు ఆపించింది. నేను ముగించేదాకా ఏమీ మాట్లాడలేదు. మా అమ్మకు ఈ మాట చెప్పి ఉంటే, ఆమె కూడా ఇలాగే విని ఉండేది. ఆ తరువాత ఇద్దరం సముద్రం దగ్గరికి వెళ్ళాం.

అక్కడి నుండి రైలులో విశాఖపట్నం, భీమిలి వెళ్ళి మరో మూడు రోజులు నిదానంగా గడిపి వచ్చాం.

వెళ్ళేవారికి నా సూచనలు

1. కాలం: డిసెంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు మంచిది. అక్టోబరు నుండి డిసెంబరు మధ్య వరకు తుపానుల రోజులు. బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. టిక్కెట్ల డబ్బు పోయినా ఫరవాలేదు, ప్రయాణం మానుకోండి.

2. కూర్చునే సమయం: గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటన్నరకు ఒకసారి దిగి ఐదు నిమిషాలు నడిపించండి. ఒక కాలే వాచి, పిక్కలో నొప్పి ఉన్నా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

3. ఉక్కపోత: తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. చెమట త్వరగా ఆరదు గనుక శరీరం చల్లబడదు. పగలు పదకొండు నుండి నాలుగు దాకా నీడలో ఉంచండి. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవారు ముందుగా తమ వైద్యుని సంప్రదించాలి.

4. షుగర్ ఉన్నవారి పాదాలు: స్పర్శ తగ్గిన పాదానికి వేడి ఇసుక కాలినట్టు తెలియదు, గవ్వ గుచ్చుకున్నట్టు తెలియదు. చెప్పులు లేకుండా నడవనివ్వకండి. రాత్రి మీరే స్వయంగా అరికాళ్ళు చూడండి. ఇన్సులిన్‌ను ఎండలో ఆపిన కారులో వదలకండి. బందరు లడ్డు రుచి చూడవచ్చు, డబ్బా ఖాళీ చేయకూడదు.

5. మందులు: ప్రయాణపు రోజులకన్నా మూడు రోజులకు ఎక్కువగా, చేతిసంచిలోనే ఉంచండి. చీటీ నకలు వెంట ఉండాలి. అత్యవసరమైతే 108కి ఫోను చేయండి.

6. నీళ్ళలో: పెద్దలకు చీలమండ లోతు చాలు. ఈత వచ్చినవారిని కూడా లోపలికి లాగే ప్రవాహాలు మన తీరంలో ఉన్నాయి. అలాంటిదానిలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది ప్రవాహం నుండి బయటపడాలి.

7. అన్నిటికన్నా ముఖ్యం: మీ తల్లిదండ్రులు తమ బాధను మీకు చెప్పరు. డాక్టరైన నేనే చెప్పలేదు. "బాగున్నావా అమ్మా?" అని అడిగితే బాగున్నాననే అంటారు. అడగడంతో ఆగకుండా పాదాలు, నడక, తిండి గమనించండి. చూడవలసిన చోట్ల జాబితాలో సగం కొట్టివేయండి.

చివరిగా ఒక మాట. మోకాళ్ళు తగ్గాక, పిల్ల పెళ్ళి అయ్యాక, రిటైరయ్యాక అని వాయిదా వేస్తున్న వారు ఈ వ్యాసం చదువుతుంటే, నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. నూరు కోసుల దూరం ఇప్పుడు ఒక పగటి ప్రయాణం. మీ అమ్మానాన్నల పాదాలు కదులుతున్నప్పుడే ఒక తేదీ నిర్ణయించుకొని, ఈ రాత్రే వారికి చెప్పండి.

మీరాలం చెరువు కన్నా పెద్దగానే ఉంటుందమ్మా. చాలా పెద్దగా ఉంటుంది.

(ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మీ ఆరోగ్య పరిస్థితి తెలిసిన వైద్యుని సలహాకు ఇది ప్రత్యామ్నాయం కాదు.)